వంగే వెదురు.. విరగని వియత్నాం

2023 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు జో బైడెన్ వియత్నాం రాజధాని హనోయ్ వచ్చారు. అదే ఏడాది డిసెంబరులో చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ వచ్చారు. 2024 జూన్‌లో రష్యా అధ్యక్షుడు పుతిన్ వచ్చారు. అమెరికాకు అటు చైనాతోనూ, ఇటు రష్యాతోనూ పడని కాలమది. అయినా ముగ్గురు అధినేతలూ పది నెలల లోపే ఒకే నగరానికి వచ్చి, ఒప్పందాలు చేసుకుని వెళ్లారు. అలా ముగ్గురికీ తలుపు తీయగల దేశాలు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వియత్నాం పెద్ద దేశం కాదు, ధనిక దేశం అంతకన్నా కాదు. మరి ఇది ఎలా సాధ్యమైంది?

సివిల్స్, గ్రూప్-1 మెయిన్స్‌కు సిద్ధమవుతున్న మీరు అంతర్జాతీయ సంబంధాల్లో ‘శాంతి, సహకారం, అభివృద్ధి’ అనే మూడు మాటలను వందసార్లు చదివి ఉంటారు. ప్రతి దేశమూ ఇవే మాటలు చెబుతుంది. అందుకే జవాబు పత్రంలో అవి రాస్తే మార్కులు రాలవు. ఆ మాటల కోసం ఒక దేశం ఏం వదులుకుంది, బదులుగా ఏం సంపాదించింది, ఎక్కడ తడబడింది అన్నది రాస్తేనే విశ్లేషణ అవుతుంది. ఈ మూడూ స్పష్టంగా కనిపించే దేశం వియత్నాం. అక్కడ శాంతి అనేది ఆదర్శం కన్నా ముందు ఒక లెక్క. ఆకలితో, ఒంటరితనంతో నేర్చుకున్న లెక్క.

పస్తులు నేర్పిన పాఠం

1975లో అమెరికాతో యుద్ధం ముగిసింది. గెలిచిన దేశానికి ఇక ప్రశాంతతే అనుకుంటాం. కానీ మూడేళ్లకే మళ్లీ తుపాకులు పేలాయి. సరిహద్దు గ్రామాలపై దాడులు చేస్తున్న పొరుగు దేశం కంబోడియాలోకి 1978 డిసెంబరులో వియత్నాం సైన్యం వెళ్లింది. 1979 జనవరిలో పోల్‌పాట్ నేతృత్వంలోని ఖ్మేర్ రూజ్ ప్రభుత్వాన్ని కూల్చింది. సొంత ప్రజలనే లక్షల సంఖ్యలో బలి తీసుకున్న ప్రభుత్వమది. అయినా ప్రపంచంలో ఎక్కువ దేశాలు వియత్నాంను దురాక్రమణదారుగానే చూశాయి. ఐక్యరాజ్యసమితిలో కంబోడియా స్థానం కూడా పడిపోయిన ఖ్మేర్ రూజ్ పక్షానికే దక్కింది. 1979 ఫిబ్రవరిలో చైనా ఉత్తర సరిహద్దు దాటి దాదాపు నెల రోజులు యుద్ధం చేసింది. అమెరికా ఆంక్షలు కొనసాగాయి. అప్పట్లో సోవియట్ శిబిరానికి వెలుపల కంబోడియా కొత్త ప్రభుత్వాన్ని గుర్తించిన అతి కొద్ది దేశాల్లో భారత్ ఒకటి. 1980లో ఇందిరాగాంధీ ప్రభుత్వం ఆ నిర్ణయం తీసుకుంది.

దాదాపు పదేళ్లపాటు వియత్నాం సోవియట్ సాయం మీద బతికింది. 1986లో ధరల పెరుగుదల 700 శాతం దాటింది. మెకాంగ్, ఎర్ర నది డెల్టాలున్న వరి దేశం తిండి గింజలు దిగుమతి చేసుకుంది. సైన్యం పొరుగు దేశంలో ఉంటే ఇంట్లో పొయ్యి వెలగదని కమ్యూనిస్టు పార్టీకి అప్పుడు అర్థమైంది.

1986 డిసెంబరులో పార్టీ ఆరో మహాసభ ‘డోయి మోయి’ పేరుతో ఆర్థిక సంస్కరణలు ప్రకటించింది. చాలామంది అభ్యర్థులు ఇక్కడితో ఆగిపోతారు. అంతే ముఖ్యమైన ఇంకో మలుపు 1988 మేలో వచ్చింది. పొలిట్‌బ్యూరో 13వ తీర్మానం విదేశాంగ విధానాన్ని తిరగరాసింది. దాని సారం ఒక్క ముక్కలో చెప్పాలంటే ‘మిత్రులను పెంచుకో, శత్రువులను తగ్గించుకో’. దేశ భద్రతకు మొదటి రక్షణ ఆర్థికాభివృద్ధేనని, అభివృద్ధికి మొదటి అవసరం ప్రశాంతమైన సరిహద్దులని ఆ పత్రం తేల్చింది.

తర్వాతి ఘట్టాలు వరుసగా జరిగాయి. ఈ కాలక్రమం ప్రిలిమ్స్‌కూ పనికొస్తుంది.

• 1989 సెప్టెంబరు: కంబోడియా నుంచి సైన్యం ఉపసంహరణ. అదే ఏడాది నుంచి వియత్నాం బియ్యం ఎగుమతిదారుగా మారింది.
• 1991: కంబోడియాపై పారిస్ శాంతి ఒప్పందాలు (అక్టోబరు), చైనాతో సంబంధాల పునరుద్ధరణ (నవంబరు).
• 1994 ఫిబ్రవరి: అమెరికా వాణిజ్య ఆంక్షల ఎత్తివేత.
• 1995 జులై: అమెరికాతో దౌత్య సంబంధాలు, ఆసియాన్‌లో సభ్యత్వం.
• 2007 జనవరి: ప్రపంచ వాణిజ్య సంస్థలో 150వ సభ్య దేశం.

1990ల మొదట్లో వియత్నాం జనాభాలో సగానికి పైగా పేదరికంలో ఉన్నారు. 2024లో ఆ దేశ సరకుల ఎగుమతులు 400 బిలియన్ డాలర్లు దాటాయి. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్నది సంస్కరణలు మాత్రమే కాదు, దౌత్యం కూడా.

వెదురు మాట ఎక్కడిది?

వియత్నాం విధానానికి ‘వెదురు దౌత్యం’ అన్న పేరును స్థిరపరచింది పార్టీ ప్రధాన కార్యదర్శి గుయెన్ ఫు ట్రాంగ్. 2016లో దౌత్యవేత్తల సదస్సులో ఈ మాట వాడారు. 2021 డిసెంబరులో జరిగిన జాతీయ విదేశాంగ వ్యవహారాల సదస్సులో దానికి పూర్తి రూపం ఇచ్చారు. గట్టి వేళ్లు, దృఢమైన కాండం, వంగే కొమ్మలు.. ఇదీ ఆయన పోలిక. వేళ్లు అంటే జాతీయ ప్రయోజనాలు, స్వాతంత్ర్యం. కొమ్మలు అంటే గాలిని బట్టి మార్చుకునే ఎత్తుగడలు. 2024 జులైలో ట్రాంగ్ మరణించారు. ఆయన తర్వాత పగ్గాలు చేపట్టిన టో లామ్ కూడా ఇదే దారిలో నడుస్తున్నారు.

పోలిక అందంగా ఉంది. అయితే పోలికను పట్టుకుని వ్యాసం రాసేస్తే సరిపోదు. ఏది వంగుతుంది, ఏది వంగదు అన్నది ఆ దేశ పత్రాల్లోనే ఉంది. అక్కడికి వెళ్దాం.

నాలుగు ‘వద్దు’లు

2019 రక్షణ శ్వేతపత్రంలో వియత్నాం నాలుగు విషయాలు వద్దని రాసుకుంది.

1. సైనిక కూటముల్లో చేరడం వద్దు.
2. ఒక దేశంతో జట్టుకట్టి మరో దేశాన్ని ఎదిరించడం వద్దు.
3. విదేశీ సైనిక స్థావరాలకు చోటు ఇవ్వడం, తన భూభాగాన్ని ఇతరులపై ప్రయోగించనివ్వడం వద్దు.
4. అంతర్జాతీయ సంబంధాల్లో బలప్రయోగం, బెదిరింపు వద్దు.

మొదటి మూడూ పాతవే. నాలుగోది 2019లో చేరింది. దీనికి తోకగా ఒక వాక్యం కూడా ఉంది. పరిస్థితులను బట్టి ఇతర దేశాలతో అవసరమైన రక్షణ సంబంధాలు పెంచుకునే విషయం ఆలోచిస్తామని. అసలు కిటుకు ఇక్కడే ఉంది. నాలుగు ‘వద్దు’లు చైనాకు భరోసా. తోక వాక్యం అదే చైనాకు హెచ్చరిక. మమ్మల్ని మరీ నొక్కితే తలుపులు వేరే వైపు తెరుచుకుంటాయని చెప్పకనే చెప్పడం.

స్నేహానికి మెట్లు

వియత్నాం దౌత్యంలో భాగస్వామ్యానికి మెట్లుంటాయి. సమగ్ర భాగస్వామ్యం, వ్యూహాత్మక భాగస్వామ్యం, అన్నిటికన్నా పైన సమగ్ర వ్యూహాత్మక భాగస్వామ్యం. పై మెట్టు మీదికి మొదట చైనా (2008), తర్వాత రష్యా (2012), ఆ తర్వాత భారత్ (2016) చేరాయి. 2022 డిసెంబరులో దక్షిణ కొరియా వచ్చింది. 2023లో అమెరికా మధ్య మెట్టు తాకకుండా నేరుగా పైకి ఎక్కింది. అదే ఏడాది జపాన్, 2024లో ఆస్ట్రేలియా, ఫ్రాన్స్, మలేసియా, 2025లో న్యూజిలాండ్, ఇండొనేసియా, సింగపూర్, థాయ్‌లాండ్ చేరాయి. 2025 అక్టోబరులో బ్రిటన్ కూడా రావడంతో భద్రతా మండలిలోని అయిదు శాశ్వత సభ్య దేశాలూ ఈ జాబితాలో ఉన్నట్లయింది.

ఇంతమందితో స్నేహం ఎందుకు? ఆంబోతుల పోట్లాటలో లేగల కాళ్లు విరిగినట్లు అంటారు కదా. పెద్ద దేశాల తగాదాలో నలగకుండా ఉండాలంటే ప్రతి పెద్ద దేశానికీ వియత్నాం ప్రశాంతంగా ఉండటంలో ఎంతో కొంత లాభం కనిపించాలి. దక్షిణ కొరియా కంపెనీ శామ్‌సంగ్ ఫోన్ల తయారీలో పెద్ద భాగం వియత్నాంలోనే జరుగుతోంది. ఇలాంటి పెట్టుబడులు ఉపాధితో పాటు ఒక రకం బీమా కూడా.

శాంతి మాటల్లోనేనా?

కాదని చెప్పే ఉదాహరణలు మీ దగ్గర ఉండాలి. ఒకటి, పాత శత్రువుతో సయోధ్య. యుద్ధంలో గల్లంతైన అమెరికా సైనికుల అవశేషాల వెతుకులాటలో వియత్నాం సహకరించింది. సంబంధాల పునరుద్ధరణకు అదే తొలి వంతెన. ఏజెంట్ ఆరెంజ్ అనే విష రసాయనంతో పాడైన డా నాంగ్ విమానాశ్రయ నేలను రెండు దేశాలూ కలిసి శుభ్రం చేశాయి. ఆ పని 2018లో పూర్తయింది. తర్వాత బియెన్ హోవా స్థావరంలో మొదలైంది. అదే 2018 మార్చిలో అమెరికా విమానవాహక నౌక కార్ల్ విన్సన్ డా నాంగ్ రేవుకు అతిథిగా వచ్చింది.

రెండు, ఐక్యరాజ్యసమితిలో పాత్ర. 2008-09, 2020-21లో వియత్నాం భద్రతా మండలి తాత్కాలిక సభ్య దేశం. 2021 ఏప్రిల్‌లో అధ్యక్ష స్థానంలో ఉండగా 2573వ తీర్మానాన్ని ప్రతిపాదించింది. యుద్ధాల్లో తాగునీటి కేంద్రాలు, పంట పొలాలు, ఆసుపత్రుల వంటి పౌరుల బతుకుకు తప్పనిసరైన వాటిని కాపాడాలన్నది దాని ఉద్దేశం. మండలి దాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. క్వాంగ్ ట్రి లాంటి ప్రాంతాల్లో ఇప్పటికీ పొలం దున్నుతుంటే పేలని బాంబులు బయటపడే దేశం ఈ తీర్మానం తేవడంలో అర్థముంది. సొంత గాయాన్ని అంతర్జాతీయ నియమంగా మార్చే ప్రయత్నమది.

మూడు, శాంతి పరిరక్షణ. 2014లో తొలి అధికారులను పంపింది. 2018లో దక్షిణ సూడాన్‌కు క్షేత్ర ఆసుపత్రిని, 2022లో సూడాన్-దక్షిణ సూడాన్ మధ్య వివాదంలో ఉన్న అబ్యేయ్‌కి ఇంజినీరింగ్ దళాన్ని పంపింది. ఆసుపత్రి, రోడ్లు.. ఈ ఎంపికను గమనించండి. 2025 అక్టోబరులో సైబర్ నేరాలపై ఐక్యరాజ్యసమితి ఒప్పందానికి సంతకాల కార్యక్రమం హనోయ్‌లోనే జరిగింది. అందుకే దాన్ని ‘హనోయ్ ఒప్పందం’ అంటున్నారు.

సముద్రం దగ్గర మెలిక

ఇక కష్టమైన భాగానికి వద్దాం. దక్షిణ చైనా సముద్రాన్ని వియత్నాం ‘తూర్పు సముద్రం’ అని పిలుస్తుంది. 1974లో పారాసెల్ దీవులను చైనా స్వాధీనం చేసుకుంది. అప్పటివరకు వాటిలో కొన్ని దక్షిణ వియత్నాం చేతిలో ఉన్నాయి. 1988 మార్చిలో జాన్సన్ సౌత్ రీఫ్ వద్ద జరిగిన ఘర్షణలో 64 మంది వియత్నాం సైనికులు మరణించారు. 2014 మేలో చైనా భారీ చమురు రిగ్గును వియత్నాం తనదిగా చెప్పే జలాల్లో నిలిపింది. వియత్నాంలో చైనా వ్యతిరేక అల్లర్లు చెలరేగాయి. జులైలో రిగ్గు వెనక్కి వెళ్లింది.

ఇంత జరిగినా వియత్నాం చైనాతో మాట్లాడటం ఆపలేదు. 1999లో భూ సరిహద్దు ఒప్పందం, 2000లో టాంకిన్ సింధుశాఖ హద్దుల ఒప్పందం ఆ మాటల ఫలితాలే. ఇండొనేసియాతో పన్నెండేళ్లు చర్చలు జరిపి 2022 డిసెంబరులో ప్రత్యేక ఆర్థిక మండలాల హద్దులపై ఒప్పందానికి వచ్చింది. మరోవైపు రష్యా నుంచి ఆరు కిలో తరగతి జలాంతర్గాములు కొన్నది. స్ప్రాట్లీ దీవుల్లో తన అధీనంలోని దిబ్బలను ఇసుక పోసి పెంచుతోంది. అంటే వెదురు వంగుతున్నా వేళ్ల దగ్గర మట్టి ఎగదోసుకుంటూనే ఉంది.

మెకాంగ్ నది కథ ఇంకా చిక్కు. ఎగువన చైనా ఆనకట్టలు కట్టింది. మెకాంగ్ నదీ కమిషన్‌లో చైనా పూర్తి సభ్య దేశం కాదు, సంభాషణ భాగస్వామి మాత్రమే. దిగువన డెల్టా రైతుకు నీరు ఎప్పుడొస్తుందో తెలియదు, వేసవిలో ఉప్పునీరు పొలాల్లోకి చొచ్చుకొస్తుంది. ఎగువ, దిగువ పేచీ ఎలా ఉంటుందో కృష్ణా ఆయకట్టు తెలిసిన మనకు వేరే చెప్పక్కర్లేదు. తేడా ఒక్కటే. ఇక్కడ ట్రైబ్యునల్ ఉంది, సుప్రీంకోర్టు ఉంది. అక్కడ దిగువ దేశం చేతిలో ఉన్నది దౌత్యమే.

సుంకాల గాలి

2025 ఏప్రిల్ 2న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ వియత్నాం సరకులపై 46 శాతం సుంకం ప్రకటించారు. వియత్నాంకు అతిపెద్ద ఎగుమతి మార్కెట్ అమెరికా. 2024లో వియత్నాంతో అమెరికా సరకుల వాణిజ్య లోటు 120 బిలియన్ డాలర్లు దాటింది. రెండు రోజులకే టో లామ్ ట్రంప్‌కు ఫోన్ చేసి, అమెరికా సరకులపై సుంకాలను సున్నాకు తగ్గించేందుకు సిద్ధమన్నారు. ఆ నెల మధ్యలోనే షీ జిన్‌పింగ్ హనోయ్‌లో దిగారు. జులైలో అమెరికా సుంకాన్ని 20 శాతానికి తగ్గించింది. వేరే దేశపు సరకు వియత్నాం మీదుగా వస్తే మాత్రం 40 శాతమని మెలిక పెట్టింది. ఆ ‘వేరే దేశం’ ఏదో అందరికీ తెలుసు. వియత్నాం ఫ్యాక్టరీలకు విడిభాగాలు ఎక్కువగా వచ్చేది చైనా నుంచే. అదే ఏడాది జూన్‌లో వియత్నాం బ్రిక్స్ భాగస్వామి దేశంగా చేరింది.

బలహీనత ఎక్కడుందో చూశారా? ముడిసరకు ఒకరి నుంచి, కొనుగోలు ఇంకొకరి నుంచి. ఎగుమతుల్లో దాదాపు 70 శాతం విదేశీ పెట్టుబడి కంపెనీలవే. మిత్రులు ఎంతమంది ఉన్నా కొనేవాడు ఒక్కడే పెద్దవాడైతే వంగడం మన ఇష్టం మీద ఉండదు. దౌత్యంలోని వైవిధ్యం వాణిజ్యంలోకి ఇంకా పూర్తిగా రాలేదన్నది వియత్నాం ముందున్న అసలు సమస్య.

మౌనానికి ధర

ఉక్రెయిన్‌పై రష్యా దాడిని ఖండిస్తూ 2022 మార్చి 2న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ చేసిన తీర్మానానికి 141 దేశాలు మద్దతిచ్చాయి. భారత్, వియత్నాం సహా 35 దేశాలు ఓటింగ్‌కు దూరంగా ఉన్నాయి. ఏప్రిల్ 7న మానవ హక్కుల మండలి నుంచి రష్యాను సస్పెండ్ చేసే తీర్మానం వచ్చినప్పుడు భారత్ మళ్లీ దూరంగా ఉంది. వియత్నాం వ్యతిరేకంగా ఓటేసింది.

విమర్శకులు ఇక్కడే పట్టుకుంటారు. పెద్ద పొరుగు దేశం చిన్న దేశం మీద పడటం తప్పని సముద్రం విషయంలో వాదించే వియత్నాం, ఉక్రెయిన్ విషయంలో పాము చావకుండా కర్ర విరగకుండా మాట్లాడటం ఎంతవరకు సబబు? రేపు తనకే ఆపద వస్తే ఎవరు గట్టిగా మాట్లాడతారు? సమర్థించేవాళ్ల జవాబూ ఉంది. ఆయుధాల విడిభాగాలు రష్యా నుంచే రావాలి, కష్టకాలంలో ఆదుకున్నదీ మాస్కోనే. రెండు వాదనల్లోనూ బలముంది. ఒక విషయం మాత్రం మరవకూడదు. ఒకే పార్టీ పాలనలో ఉన్న వియత్నాంలో ఇలాంటి నిర్ణయాలపై ప్రజల్లో బహిరంగ చర్చ జరగదు. మన దగ్గర జరుగుతుంది. పోల్చేటప్పుడు ఈ తేడా రాయండి.

మనకేంటి?

భారత్-వియత్నాం బంధం పాతది. 1954 జెనీవా ఒప్పందాల అమలును చూసే అంతర్జాతీయ కమిషన్‌కు భారతే అధ్యక్షత వహించింది. అదే ఏడాది నెహ్రూ హనోయ్ వెళ్లారు, 1958లో హో చి మిన్ ఇక్కడికి వచ్చారు. 1972 జనవరిలో పూర్తి స్థాయి దౌత్య సంబంధాలు ఏర్పడ్డాయి. ఓఎన్‌జీసీ విదేశ్ 1988 నుంచీ వియత్నాం తీరంలో ఉంది. 2000లో మొదలైన మెకాంగ్-గంగా సహకారంలోనూ రెండు దేశాలూ ఉన్నాయి.

విశాఖపట్నానికి ఇందులో ప్రత్యేక స్థానముంది. వియత్నాం జలాంతర్గాముల సిబ్బందికి భారత నౌకాదళం శిక్షణ ఇచ్చింది విశాఖలోని ఐఎన్‌ఎస్ శాతవాహనలోనే. 2023 జూన్‌లో ఐఎన్‌ఎస్ కృపాణ్ యుద్ధనౌక విశాఖ నుంచే బయల్దేరి వెళ్లింది. జులైలో కామ్ రాన్ వద్ద దాన్ని వియత్నాం నౌకాదళానికి కానుకగా అప్పగించారు. పని చేస్తున్న కార్వెట్ తరగతి యుద్ధనౌకను భారత్ మరో దేశానికి ఇలా ఇవ్వడం అదే తొలిసారి.

పోటీ కూడా ఉంది. అమెరికా మార్కెట్లో ఆంధ్రప్రదేశ్ రొయ్యకు పోటీదారుల్లో వియత్నాం ఒకటి. 2025 ఆగస్టు చివరికి భారత సరకులపై అమెరికా అదనపు సుంకం 50 శాతానికి చేరగా, వియత్నాంపై 20 శాతమే ఉంది. ఒక దేశం బేరసారాల తీరు భీమవరం చెరువు గట్టు మీద రొయ్య ధరను తాకుతుందనడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు. సుంకాల రేట్లు తరచూ మారుతుంటాయి కాబట్టి పరీక్ష నాటికి తాజా అంకెలు సరిచూసుకోండి.

అలాగని వియత్నాం పద్ధతిని భారత్‌కు అతికించేయకండి. భారత్ క్వాడ్‌లో ఉంది, బ్రిక్స్ వ్యవస్థాపక దేశం, అణ్వస్త్ర దేశం, సొంతంగా భారీ మార్కెట్ ఉన్న దేశం. వియత్నాం ఆర్‌సెప్, సీపీటీపీపీ రెండు వాణిజ్య ఒప్పందాల్లోనూ చేరింది. మనం 2019లో ఆర్‌సెప్ నుంచి తప్పుకున్నాం. వియత్నాంకు సమతుల్యం బతుకు మార్గం. భారత్‌కు అది ఎంపిక. ఆ తేడా వల్లే భారత్ నుంచి ప్రపంచం ఎక్కువ ఆశిస్తుంది.

జవాబు ఎలా రాయాలి?

ఏ వర్ధమాన దేశ విదేశాంగ విధానం అడిగినా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ విధానం ఏ అనుభవంలోంచి పుట్టింది? ఏం చేయనని ఆ దేశం కచ్చితంగా చెబుతోంది? ఏ ఒత్తిడి వస్తే అది నిలబడటం కష్టం? వియత్నాంకు జవాబులు వరుసగా కంబోడియా, నాలుగు ‘వద్దు’లు, ఒకే పెద్ద మార్కెట్ మీద ఆధారపడటం. ముగింపులో మీ అభిప్రాయం తప్పనిసరిగా రాయండి. తటస్థత మంచిదా చెడ్డదా అని కాకుండా, ఏ సందర్భంలో అది శాంతికి సాయపడింది, ఏ సందర్భంలో మౌనంగా మిగిలిపోయింది అని విడదీసి చెప్పండి.

ఇవి సాధన చేయండి:

• ‘వర్ధమాన దేశాలకు శాంతి ఒక విలువే కాదు, ఆర్థిక అవసరం కూడా.’ వియత్నాం అనుభవంతో చర్చించండి. (250 పదాలు)
• భారత్ వ్యూహాత్మక స్వయం ప్రతిపత్తికి, వియత్నాం వెదురు దౌత్యానికి మధ్య పోలికలు, తేడాలు వివరించండి. (250 పదాలు)
• భారత ‘యాక్ట్ ఈస్ట్’ విధానంలో వియత్నాం ప్రాధాన్యం ఏమిటి? తూర్పు తీర రాష్ట్రాలకు దాని వల్ల ఒనగూరేదేమిటి? (150 పదాలు)

మొదటి ప్రశ్నకు ఈ రోజే జవాబు రాసి చూసుకోండి. ‘శాంతి’ అన్న మాట కొట్టేసి చదివినా మీ వాదన నిలబడితే, ఆ జవాబుకు బలం ఉన్నట్లే.